సున్నా ఎక్కడుంది?

ఆబిడ్స్‌లో చీర కొంటాం. నాంపల్లి స్టేషన్‌లో రైలు టికెట్టు కొంటాం. రెండింటి మీదా అంకెలుంటాయి. ఈ అంకెలు ఎక్కడివి?

ఇవి మన దేశంలో పుట్టాయి. సుమారు 1250 ఏళ్ల కిందట మన పండితుల లెక్కలు బాగ్దాదు నగరం చేరాయి. అక్కడ అల్ ఖ్వారిజ్మీ అనే పండితుడు వాటిని నేర్చుకున్నాడు. మన అంకెలతో లెక్క చేసే పద్ధతిని పుస్తకంగా రాశాడు. తర్వాత దాన్ని లాటిన్ భాషలోకి మార్చారు. అలా మన అంకెలు యూరపుకు వెళ్లాయి. పిల్లలు చదివే ఆల్జీబ్రా పేరు కూడా ఆయన ఇంకో పుస్తకం పేరు నుంచే వచ్చింది.

అరబ్బులు చుక్కలను కూడా శ్రద్ధగా చూశారు. రోహిణి కార్తె మనకు తెలుసు. ఆ రోహిణి చుక్కకు ఇంగ్లీషు పేరు అల్డెబరాన్. అది అరబ్బీ మాటే. నాంపల్లికి దగ్గర్లో, నౌబత్ పహాడ్ మీద, 1985లో ప్లానెటేరియం పెట్టారు. అక్కడ ఆకాశంలోని చుక్కల గురించి చూపిస్తారు.

సున్నా చోటు మారితే లెక్క మారుతుంది. 105 వేరు, 150 వేరు. తేడా 45 రూపాయలు. బిల్లు చదవలేని అక్క ఆ 45 పోగొట్టుకుంటుంది. చదవగల అక్క అడుగుతుంది: "అన్నా, సున్నా నడుమ ఉంది కదా! నా 45 నాకు ఇయ్యి."

చేయండి:
1. గట్టిగా చదవండి: 15, 105, 150, 1050.
2. ఇంట్లో ఉన్న ఒక బిల్లు తీయండి. మొత్తం మీరే కూడండి. సరిపోయిందా?