కెర్నల్‌లో మన కోడ్: నమ్మకమా, తనిఖీయా?



మన హాస్టల్లో స్టోర్ రూమ్ తాళం వార్డెన్ సార్ దగ్గర ఉంటుంది. బియ్యం కావాలన్నా, నూనె కావాలన్నా వంటమనిషి ఆయన్నే అడగాలి. కంప్యూటర్లో అలాంటి తాళం కెర్నల్ దగ్గర ఉంటుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇది గుండెకాయ. మెమొరీ, డిస్క్, నెట్‌వర్క్ ఏది కావాలన్నా మన ప్రోగ్రాములు దీన్నే అడగాలి. మామూలు ప్రోగ్రాంలో తప్పుంటే అదొక్కటే ఆగిపోతుంది. కెర్నల్‌లో తప్పు దొర్లితే మొత్తం మిషనే ఆగిపోవచ్చు.

మరి కెర్నల్ లోపలే మన సొంత కోడ్ నడపాలంటే? లినక్స్‌లో ముఖ్యంగా రెండు దారులున్నాయి.

మొదటిది మాడ్యూల్. సి భాషలో రాసి, నడుస్తున్న కెర్నల్‌కే జతచేయవచ్చు. కాని లోపలికి వెళ్ళాక కెర్నల్‌కున్న అధికారాలన్నీ దానికీ వస్తాయి. పి.జి. ల్యాబ్‌లో మేము రాసిన తొలి మాడ్యూల్‌లో ఒక పాయింటర్ తప్పు చిరునామా చూపింది. అంతే, మిషన్ బిగుసుకుపోయింది. అదే మిషన్‌లో లాగిన్ అయి పనిచేస్తున్న మిత్రుడు సేవ్ చేయని రికార్డు పోయింది. ఆ రాత్రి కూర్చొని మేమే మళ్ళీ టైపు చేసి ఇచ్చాము. మాది చిన్న నష్టం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన అప్‌డేట్ వల్ల విండోస్ కెర్నల్‌లోని ఆ సంస్థ డ్రైవర్ కూలింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయి.

రెండవది ఇ.బి.పి.ఎఫ్. నెట్‌వర్క్ ప్యాకెట్లను వడగట్టడానికి స్టీవెన్ మెక్కేన్, వాన్ జాకబ్‌సన్‌లు రూపొందించి 1993లో వివరించిన బి.పి.ఎఫ్. దీనికి మూలం. విస్తరించిన రూపం 2014లో లినక్స్‌లో చేరింది. ఇక్కడ 'వెరిఫైయర్' కోడ్‌ను గుమ్మంలోనే ఆపుతుంది. నడపకముందే దాని దారులన్నీ పరిశీలిస్తుంది. తనది కాని మెమొరీని ముట్టుకుంటుందా? లూపు తప్పక ముగుస్తుందా? స్టాక్ 512 బైట్లు దాటుతుందా? ఒక్కటి తేడా వచ్చినా తిప్పి పంపుతుంది, ఎక్కడ ఆగిందో చెబుతుంది. లోడ్ చేసేది అడ్మినిస్ట్రేటరే అయినా ఈ పరీక్ష తప్పదు.

ఇదీ లోపం లేనిది కాదు. ఒక్కోసారి మంచి కోడ్‌నూ కాదంటుంది. వెరిఫైయర్‌లోనే తప్పులు బయటపడిన సందర్భాలూ ఉన్నాయి. అయినా మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్ళలో మేమే మొదటి కనుక, ఎవరు రాశారని కాక ఏం రాశారని చూసే ఈ పద్ధతి మాకు బాగా నచ్చింది.

మీరూ ప్రయత్నించండి. తిరస్కరిస్తే నిరాశపడక ఆ సందేశాన్ని చదివి, సరిదిద్ది మళ్ళీ పంపండి. మాడ్యూల్ రాసేటప్పుడు మాత్రం వర్చువల్ మిషన్‌లోనే నడపండి. పక్కవాడి రికార్డు పోగొట్టకండి!