గోదావరి దాటి చిత్రశాలకు

ఉదయవేళ నిడదవోలు స్టేషనులో నిలిచిన ప్యాసింజరు బండి రాజమహేంద్రవరమునకు పోవువారితో నిండియుండును. కచేరీలలో పనిచేయువారు, కళాశాలల విద్యార్థులు, కూరగాయల గంపలతో వచ్చిన స్త్రీలు, వైద్యము కొరకు పోవు వృద్ధులు అందు కనబడుదురు. వారిలో పెక్కుమంది సాయంకాలమునకు మరల ఇల్లు చేరుదురు. దూరము 20 కిలోమీటరులకు కొంచెము పైగా మాత్రమే. అనుదినము పోయి వచ్చువారికి ఆ ప్రయాణములో వింత యేమియు తోపదు.

ఒకనాడు ఆ బండిలో ఒక ఉపాధ్యాయుడును, ఆయన వెంట ఎనిమిదవ తరగతి విద్యార్థులు కొందరును కూర్చుండిరి. వారు దామెర్ల రామారావు చిత్రశాలను చూడబోవుచుండిరి. ఒక బాలుడు, "మాస్టారూ! చిత్రములు పుస్తకములలోను, ఫోనులోను కనబడుచునే యున్నవి కదా. వాని కొరకు ఇంత దూరము పోవలెనా?" అని యడిగెను. ఉపాధ్యాయుడు చిరునవ్వు నవ్వి, "చూచిన పిమ్మట ఆ మాట నీవే చెప్పుము, నాయనా" అనెను.

బండి చాగల్లు దాటి కొవ్వూరు చేరెను. అది గోదావరికి కుడిగట్టు. ఆవలి గట్టున రాజమహేంద్రవరము. వంతెన యెక్కగానే చక్రముల మ్రోత మారెను. మాటలాడుచున్నవారు మాటలు మాని కిటికీలవైపు తిరిగిరి. ఒక వృద్ధురాలు కొంగుముడి విప్పి, ఒక నాణెమును నదిలోనికి విసరి, చేతులు జోడించెను.

ప్రక్కను పాత వంతెన కనబడెను. ఉపాధ్యాయు డిట్లు చెప్పెను: "అది హేవలాకు వంతెన. దాని పని 1897లో మొదలై 1900లో ముగిసినది. 1997 వరకు దానిపై రైళ్లు నడచినవి. మనము చూడబోవు చిత్రకారుడును ఆ 1897లోనే, ఆ యెదుటి గట్టుననే, జన్మించెను. వంతెన దాదాపు నూరేండ్లు పనిచేసినది. ఆయనకు 28 ఏండ్లయినను నిండలేదు."

ఆ మాటతో పిల్లల సందడి అణగిపోయెను. బండి దిగి పట్టణములో నడచుచు వారు ఆ చిత్రకారుని కథను వినిరి.

రామారావు చిన్ననాటనే బొమ్మలు గీయ మొదలిడెను. ఆ రోజులలో రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డు కూల్డ్రే ప్రధానాచార్యుడు. ఆయన ఆంగ్లేయుడు, కవి, చిత్రకారుడు కూడ. భారతీయ కళయందు ఆయనకు మిక్కిలి గౌరవము. అడివి బాపిరాజు వంటి యువకులను ప్రోత్సహించిన ఆ గురువు రామారావు చేతిలోని శక్తిని గుర్తించెను. ఆయన ప్రోత్సాహముతోనే రామారావు బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలలో చేరెను. మానవ శరీరమును కొలత తప్పక గీయుట, వెలుగునీడలను చూపుట మొదలగు ఐరోపా పద్ధతులను అచ్చట అభ్యసించెను. కాని ఆ నేర్పుతో ఆయన చిత్రించినది మన పురాణ కథలను, మన పల్లెలను, మన గోదావరిని. ఋష్యశృంగుని కథను తెలుపు ఆయన చిత్రమునకు 1922లో కలకత్తా ప్రదర్శనమున బహుమానము లభించినది. అంత పేరు వచ్చినను ఆయన మహానగరములలో స్థిరపడలేదు. స్వస్థలమునకు వచ్చి చిత్రకళాశాల నెలకొల్పి, యువకులకు విద్య నేర్పుచుండెను. 1925 ఫిబ్రవరిలో మసూచి సోకి మరణించెను. నాడు ఎందరినో బలిగొన్న ఆ వ్యాధి ప్రపంచములో లేకుండ పోయినదని 1980లో ప్రకటింపబడినది.

చిత్రశాలలో ప్రవేశింపగానే, రైలులో ప్రశ్న వేసిన బాలుడు గబగబ గోడల వెంబడి నడచి, పది నిమిషములకే తిరిగివచ్చెను.

"అన్నియు చూచితిని, మాస్టారూ!"

"మంచిది. అందు నీకు బాగుగ జ్ఞాపకమున్న దేది?"

బాలుడు బదులు చెప్పలేకపోయెను. ఉపాధ్యాయుడు కోపింపక, "పోయి ఒక్క చిత్రము నెదుట నిలువుము. నీ కన్ను అలసినదాక చూడుము" అనెను.

బాలు డట్లే చేసెను. మొదట అతనికి రంగులు మాత్రమే కనబడెను. కొంతసేపటికి ఆ రంగుల యడుగున సన్నని పెన్సిలు గీత కనబడెను. కుంచె ఎక్కడ మెల్లగ సాగినదో, ఎక్కడ వడిగ పోయినదో తెలియసాగెను. నీటిరంగులలో వెలుగును చూపుటకు తెల్లరంగు పూయక కాగితమునే వదలివేయు పద్ధతి కలదని ఉపాధ్యాయుడు చెప్పెను. వెలుగనగా చిత్రకారుడు పూసినది కాదు, పూయక విడిచినది! బాలునకు ఆశ్చర్యము కలిగెను. ఇది ఫోనులో తనకు కనబడలేదని అతడు తానై చెప్పెను.

తక్కిన పిల్లలు "పుష్పాలంకారము", "సిద్ధార్థ రాగోదయము" మున్నగు పటముల నెదుట నిలిచి చూచిరి. ఒక బాలిక మాత్రము పెన్సిలుతో గీసిన చిన్న రేఖాచిత్రములను విడువక చూచుచుండెను. పిమ్మట ఆమె, "మాస్టారూ! ఆయన పోయి నూరేండ్లు దాటినది. ఈ కాగితము లెట్లు నిలిచినవి?" అని యడిగెను.

"మంచి ప్రశ్న వేసితివమ్మా" అని ఉపాధ్యాయు డిట్లు చెప్పెను: "కాగితమునకు శత్రువులు పెక్కు. తీవ్రమైన వెలుతురు రంగును వెలిసిపోజేయును. తేమ బూజు పట్టించును. పురుగు తినివేయును. వీనికంటె పెద్ద శత్రువు అశ్రద్ధ. రామారావు భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ ఆ కళ విలువ నెరిగినవారు. బుచ్చికృష్ణమ్మ స్వయముగ చిత్రకారిణి. మిత్రుడు వరదా వెంకటరత్నము తానును గొప్ప చిత్రకారుడై యుండియు, రామారావు నెలకొల్పిన కళాశాలను తన భుజములపై వేసికొనెను. ఇట్టివారు లేకున్న ఈ చిత్రములు తలకొక దిక్కున పోయి యుండెడివి. తరువాత ప్రభుత్వము ఈ చిత్రశాల భారమును వహించినది. గీసినవాడు ఒక్కడే, కాపాడినవారు పలువురు."

సాయంకాలము బండిలో కూర్చుండుటకు చోటు దొరుకుట కష్టమయ్యెను. ఉదయము వచ్చిన స్త్రీలు ఖాళీ గంపలతో తిరిగిపోవుచుండిరి. బండి వంతెనపైకి రాగానే ఆ బాలిక కిటికీ ప్రక్కను ఒదిగి, లెక్కల పుస్తకపు చివరి పుటలో ఏమో గీయ మొదలిడెను. బండి కుదుపులకు గీతలు వంకరపోయెను. ఆమె సిగ్గుపడి పుట చింపబోగా, ప్రశ్న వేసిన బాలుడే చేయి అడ్డముపెట్టి, "చింపవద్దు, దాచుకొనుము" అనెను.

ఉపాధ్యాయు డది విని యేమియు ననక, నదివైపు చూచుచుండెను.

ప్రశ్నలు

1. హేవలాకు వంతెనకును రామారావు జీవితమునకును ఉపాధ్యాయుడు చూపిన పోలిక యెట్టిది?
2. కూల్డ్రే వలన రామారావునకు కలిగిన మేలేమి?
3. ఫోనులో కనబడనిది బాలునకు చిత్రశాలలో ఏమి కనబడినది?
4. "గీసినవాడు ఒక్కడే, కాపాడినవారు పలువురు" - వివరింపుడు.
5. మీ యూరిలో కాపాడదగిన పాత వస్తు వొకదానిని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.