యంత్రమున తెగిన చేయి: తొలి గంటలో చేయవలసిన పనులు



మాధవరము, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములలో జొన్న, కొర్ర, పప్పుశనగ నూర్పిళ్లు నేడు యంత్రములతో జరుగుచున్నవి. పని త్వరగా ముగియుచున్నది గాని, ఏమరుపాటున చేయి డ్రమ్ములో పడినచో ఆ కుటుంబపు బ్రతుకుతెరువే దెబ్బతినును. అట్లని తెగిన చేయి ఇక పోయినట్లే యని తలచరాదు. 1963లో షాంఘై నగరమున, యంత్రములో తెగిన ఒక కార్మికుని చేతిని డాక్టర్ చెన్ ఝాంగ్‌వే బృందము తిరిగి అతికించినది. నేడు మన దేశమునందును ఇట్టి శస్త్రచికిత్సలు జరుగుచున్నవి.

కాలము ఏల ముఖ్యము?

వ్రేళ్లలో కండ లేదు; చల్లగా ఉంచినచో చాల గంటలు నిలుచును. ముంజేతిలో కండ కలదు. రక్తము అందని కండ సుమారు 6 గంటలలో చెడును. మాధవరమునుండి కర్నూలు చేరుటకే గంటలు పట్టును. కావున చేతిని కాపాడు పని మీ కళ్లములోనే మొదలు కావలెను.

చేయవలసినవి

1. ముందుగా ఇంజను ఆపుడు. ఇరుకుకొన్న చేతిని లాగవలదు. యంత్రభాగములు విప్పి విడిపింపుడు.

2. శుభ్రమైన గుడ్డతో గాయమును గట్టిగా అదిమి, చేతిని పైకెత్తి ఉంచుడు. పసుపు, కాఫీపొడి, పేడ, కిరసనాయిలు పూయరాదు.

3. ఉంగరములు, గాజులు తీయుడు. చర్మముతో వ్రేలాడు భాగమును కోయరాదు.

4. తెగిన భాగమును శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, పాలిథిన్ సంచిలో పెట్టి మూతి కట్టుడు. ఆ సంచిని ఐసు వేసిన నీటిలో ఉంచుడు. ఐసు నేరుగా తగిలినచో కండ చెడును.

5. 108కి ఫోను చేసి, ప్లాస్టిక్ సర్జరీ వైద్యులున్న ఆసుపత్రి ఏదో అడిగి అచటికే చేరుడు. మత్తు ఈయవలసి యుండును గనుక అన్నము, కాఫీ పెట్టరాదు. ధనుర్వాతపు సూది మరువరాదు.

ఆసుపత్రిలో

వైద్యులు ఎముకలను బిగించి, స్నాయువులను, రక్తనాళములను, నాడులను కుట్టుదురు. నాడి రోజుకు సుమారు 1 మిల్లీమీటరు మాత్రమే పెరుగును. స్పర్శ వచ్చుటకు నెలలు పట్టును. నలిగిపోయి అతుకని చేతికిని మార్గము కలదు. గజ్జ వద్ద చర్మముతో గాయమును కప్పుదురు. బొటనవ్రేలు పోయినచో కాలివ్రేలిని తెచ్చి అమర్చుదురు. పనిచేయు స్నాయువును చచ్చుపడిన చోటికి మార్చు శస్త్రచికిత్సలతో వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల చేతులను బాగుచేసి పేరొందెను. తరువాత వైద్యులు చెప్పిన వ్యాయామము మానినచో చేయి బిగిసిపోవును.

గ్రామాధికారులకు

1983 నాటి ప్రమాదకర యంత్రముల చట్టము నూర్పిడి యంత్రములకు వర్తించును; గాయపడినవారికి నష్టపరిహారమును ఇందు చెప్పబడినది. కంకులు వేయు తొట్టి 90 సెంటీమీటర్లకు తగ్గక, డ్రమ్ము వైపు 45 సెంటీమీటర్లు పైకప్పు కలిగియుండవలెను. నూర్పిళ్లకు ముందే ప్రతి యంత్రమును కొలిచి చూడుడు. తొట్టి పొట్టిదైనచో ఆ యంత్రమును కళ్లములోనికి రానీయకుడు.