మాటలు పుట్టించిన పింగళి నాగేంద్రరావు గారు

పిల్లలూ! మీ తాతయ్యగారు ఎవరినైనా చూపించి "వీడు మన అసమదీయుడే" అనగా విన్నారా? నాన్నగారు ఆఫీసు కబుర్లు చెబుతూ "వాళ్ళంతా తసమదీయులు లెండి" అని నవ్వగా విన్నారా? ఈ మాటలు మన బడి వాచకాల్లో లేవు. 1957లో వచ్చిన మాయాబజార్ సినిమాలో పుట్టి, అక్కడి నుంచి నడుచుకుంటూ మన ఇళ్ళలోకి వచ్చేశాయి. వాటిని పుట్టించినవారు పింగళి నాగేంద్రరావు గారు. ఆ సినిమాకు మాటలూ పాటలూ ఆయనే వ్రాశారు.

ఈ సంవత్సరం మన బడి పెద్ద పిల్లల తరగతిలో పింగళి వారి గురించి నాలుగు వారాల పాటు పాఠం చెప్పుకున్నాం. ఆ పాఠాన్ని తల్లిదండ్రులు కూడా పిల్లలతో కలిసి చదువుకోవాలని ఇక్కడ ఇస్తున్నాం. ఇందులో పిల్లలకే కాదు, మాకూ ఒక పాఠం ఉంది.

ఇంజన్ల చదువు, నాటకాల పిచ్చి

పింగళి నాగేంద్రరావు గారు 1901 డిసెంబరు 29న రాజాంలో జన్మించారు. చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 నుంచి విజయనగరం జిల్లాలో ఉంది. ఆయన పెరిగింది మాత్రం కృష్ణా జిల్లా మచిలీపట్నంలో. మన పెద్దవాళ్ళు బందరు అనేది ఆ ఊరినే.

బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల ఉండేది. దేశం ఇంకా ఆంగ్లేయుల చేతిలో ఉన్న రోజుల్లో, మన పిల్లలకు మన చదువు మనమే చెప్పుకోవాలని 1910లో పెద్దలు దాన్ని స్థాపించారు. నాగేంద్రరావు గారు అక్కడ చదివింది సాహిత్యం కాదు, యంత్రాల చదువు. కొంతకాలం ఖరగ్‌పూర్ రైల్వేలో ఉద్యోగం కూడా చేశారు. కానీ మనసంతా నాటకాల మీదే. ద్విజేంద్రలాల్ రాయ్ బెంగాలీ నాటకాలను తెలుగు చేశారు. వింధ్యరాణి వంటి నాటకాలు సొంతంగా వ్రాశారు.

1941లో భలే పెళ్ళి చిత్రంతో సినిమా రంగంలో అడుగుపెట్టారు. ఆయన నాటకం వింధ్యరాణి 1948లో సినిమాగా వచ్చింది. అయితే అసలైన పేరు వచ్చింది 1949లో, కె.వి.రెడ్డి గారు తీసిన గుణసుందరి కథతో. అప్పటికి ఆయన వయసు దాదాపు 48 ఏళ్ళు! ఇంకా ఏమీ సాధించలేదే అని బెంగపడే అన్నయ్యలూ అక్కయ్యలూ ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఆ తర్వాత నాగిరెడ్డి-చక్రపాణి గార్ల విజయా సంస్థలో పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), జగదేకవీరుని కథ (1961), గుండమ్మ కథ (1962) వరుసగా వచ్చాయి. వీటిలో మిస్సమ్మకు మాటలు చక్రపాణి గారివి, గుండమ్మ కథకు డి.వి.నరసరాజు గారివి. పాటలు మాత్రం పింగళి వారివే. ఘంటసాల, సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల గార్ల వంటి సంగీత దర్శకులు వాటికి బాణీలు కట్టారు. ఈ మహానుభావుడు 1971 మే 6న కన్నుమూశారు.

ఇంకో విశేషం. తెలుగువారు తరతరాలుగా పాడుకుంటున్న ప్రేమపాటలు వ్రాసిన ఈయన జీవితాంతం బ్రహ్మచారిగానే ఉండిపోయారు.

చందమామతో చెప్పి పక్కవారికి వినిపించడం

పింగళి వారి పాటల్లో మాటలు ఎక్కువగా ఇంట్లో వాడుకునేవే. నిఘంటువు తీయకుండానే అర్థమవుతాయి. మరి గొప్పతనం ఎక్కడుంది? ఆ మాటను ఎవరు, ఎవరితో, ఎందుకు అంటున్నారన్న దానిలో ఉంది.

మిస్సమ్మ కథే తీసుకోండి. ఉద్యోగం కోసం ఇద్దరు భార్యాభర్తలుగా నటిస్తూ ఉంటారు. ఒకరి మీద ఒకరికి కోపం, లోపల కొంచెం ఇష్టం. ఆ సంగతి సూటిగా చెప్పుకోలేరు. అందుకని ఆ సినిమాలో చందమామను పిలిచి ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకునే పాట ఒకటుంది. చెప్పేది ఆకాశానికి, వినవలసింది పక్కనున్న మనిషి! ఈసారి ఆ సినిమా చూసినప్పుడు ఇది గమనించండి. పాట అంటే అందమైన మాటల పోగు కాదనీ, కథలో ఒక మనిషి చెప్పలేని మాట చెప్పడమనీ మీకే తెలుస్తుంది.

కొత్త మాట ఎలా పుడుతుంది?

ఇప్పుడు వ్యాకరణం. భయపడకండి, ఇది నవ్వుల వ్యాకరణం.

సంస్కృతంలో "అస్మదీయ" అంటే మనది, "తదీయ" అంటే వారిది. మాయాబజార్‌లో ఘటోత్కచుడి ఆశ్రమంలో రాక్షస శిష్యులకు "అస్మదీయులు" నోరు తిరగక "అసమదీయులు" అవుతుంది. మనవాళ్ళు అసమదీయులైతే మరి పరాయివాళ్ళు? ముందు "త" చేర్చి తసమదీయులు అంటాడు శిష్యుడు. గురువుగారు దిద్దబోతే ఘటోత్కచుడు ఒప్పుకోడు. మాటలు ఎవరో ఒకరు పుట్టించవలసినవే కదా అని శిష్యుణ్ణి వెనకేసుకొచ్చి, బహుమానంగా వీరతాళ్ళు వేయిస్తాడు.

రెండో ఉదాహరణ ఇంకా మనకు దగ్గరది. మనం "పులీ గిలీ", "కూరా గీరా", "పుస్తకం గిస్తకం" అంటాం కదా! సూత్రం ఇది: మాట మొదటి అక్షరం తీసేసి, అది పొట్టిదైతే "గి", పొడుగుదైతే "గీ" పెట్టాలి. ఈ రెండో మాటకు విడిగా అర్థం లేదు, "అలాంటివి" అని మాత్రమే. పింగళి వారు దీనినే పట్టుకున్నారు. కంబళి ఉంటే గింబళి ఉండాలి, తల్పం ఉంటే గిల్పం ఉండాలి అన్నారు. అర్థం లేని మాటకు వస్తువునే సృష్టించారు! సినిమాలో అవి మగపెళ్ళివారిని కుదురుగా నిలవనివ్వని, పడుకోనివ్వని మాయ వస్తువులు.

మా తరగతిలో పిల్లలకు ఈ సూత్రం చెప్పి, "పిజ్జా గిజ్జా అంటారు కదా, గిజ్జా అంటే ఏమిటి?" అని అడిగాం. ఒక బాబు వెంటనే, "మా అమ్మ పెసరట్టు మీద చీజ్ వేసి, ఇదే పిజ్జా తినమంటుంది చూడండి, అది గిజ్జా" అన్నాడు. ఇంకొక పాప, "గీంవర్క్ అంటే మా అక్క చేసిపెట్టే హోంవర్క్" అంది. ఆ రోజు తరగతి అయిపోయినా ఎవరూ కదలలేదు.

చేతిజోళ్ళు

ఇక మా పాఠం సంగతి. జనవరిలో మంచు బాగా పడిన ఒక ఆదివారం, తరగతి అయ్యాక ఒక చిన్నపాప "నా చేతిజోళ్ళు కనపడటం లేదు" అంది. గ్లోవ్స్ అన్నమాట. మేము పకపకా నవ్వాం. "చేతి తొడుగులు అనాలమ్మా" అని దిద్దాం. నవ్వింది ముద్దుతోనే. కానీ ఆ పాప తర్వాత చాలా వారాలు తరగతిలో నోరు విప్పలేదు. ఇంట్లో కూడా అమ్మమ్మ ఫోను చేస్తే ఇంగ్లీషులోనే జవాబిస్తోందని, అమ్మమ్మకు ఆ భాష రాదని వాళ్ళ అమ్మగారు చెప్పినప్పుడు మాకు గుండె కలుక్కుమంది.

పింగళి వారి పాఠం తయారు చేసుకుంటూ ఉండగా ఆ మాట మళ్ళీ గుర్తొచ్చింది. చేతికర్ర ఉంది, చేతిరుమాలు ఉంది. కాలికి జోళ్ళు ఉన్నాయి. మరి చేతికి తొడుక్కునే జత చేతిజోళ్ళు ఎందుకు కాకూడదు? తెలుగు మాటలు ఎలా అతుక్కుంటాయో తెలిసినందువల్లే ఆ పాప ఆ మాట కట్టగలిగింది. తప్పును దిద్దవలసిందే. కానీ అది తప్పో కొత్త మాటో ఒక్క క్షణం ఆగి చూడకుండా నవ్వడం మాది తప్పు.

పాఠం చివరి రోజున ఆ పాపను పిలిచి, అందరి ముందూ ఆ మాటే చెప్పాం. బంగారు రంగు రిబ్బనుతో చేసిన వీరతాడు మెడలో వేశాం. "చేతిజోళ్ళు" అని పెద్ద అక్షరాలతో వ్రాసి గోడకు అంటించాం. పాప ఏమీ మాట్లాడలేదు. వీరతాడు మాత్రం ఇంటికి వెళ్ళేదాకా తీయలేదట.

మరుసటి వారం వాళ్ళ అమ్మగారు చెప్పారు. తెనాలి నుంచి అమ్మమ్మగారు ఫోనులో "చేతిజోళ్ళు వేసుకున్నావా తల్లీ?" అని అడిగితే, "వేసుకున్నాను అమ్మమ్మా, నీకు కూడా ఒక జత పంపనా?" అందట.

ఇంటిల్లిపాదికీ అభ్యాసం

1. ఈ మాటలకు "గి" లేక "గీ" జంట చెప్పండి: బస్సు, పాట, టీవీ, చొక్కా, కారు. వాటిలో ఒకదానికి కొత్త అర్థం కల్పించండి.

2. మీ ఇంట్లో తెలుగు మాట దొరకని వస్తువు ఒకటి ఎంచుకుని, రెండు తెలుగు మాటలు కలిపి దానికి పేరు పెట్టండి.

3. మిస్సమ్మగానీ గుండమ్మ కథగానీ పెద్దలతో కలిసి చూసి, ఒక పాటలో ఎవరు ఎవరికి ఏమి చెబుతున్నారో మూడు వాక్యాల్లో వ్రాయండి.

4. తల్లిదండ్రులకు: పిల్లలు ఈ వారం కట్టిన వింత మాట ఒకటి దిద్దకుండా వ్రాసి ఉంచండి. తరగతికి పట్టుకురండి.

వీరతాళ్ళు సిద్ధంగా ఉన్నాయి!