మూడు సింహాల కార్డు కొట్టిమ్మంటే...

ప్రశ్న: మాది మండల కేంద్రంలో చిన్న ప్రింటింగ్ ప్రెస్. మానవ హక్కుల సంఘం పేరుతో కొందరు వచ్చి ఐడీ కార్డులు, లెటర్‌హెడ్‌లు, కారు అద్దానికి అంటించే స్టిక్కర్లు కావాలన్నారు. అన్నిటి మీదా మూడు సింహాల గుర్తు, దాని కింద 'భారత ప్రభుత్వ గుర్తింపు పొందినది' అని ఉండాలట. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ జిరాక్స్ చూపించి అడ్వాన్సు ఇచ్చి వెళ్లారు. వాడుకునేది వాళ్లు కదా, కొట్టిచ్చినందుకు నాకేమైనా ఇబ్బంది వస్తుందా?

జవాబు: వస్తుంది. ఈ పని ఒప్పుకోకండి.

సారనాథ్‌లోని అశోక స్తంభం శిఖరం నుంచి తీసుకున్న ఆ గుర్తు 1950 జనవరి 26 నుంచి మన జాతీయ చిహ్నం. దీని వాడకం మీద 2005లో ప్రత్యేక చట్టం చేశారు, 2007లో నిబంధనలు వచ్చాయి. చూసినవాళ్లు 'ఇది ప్రభుత్వానిది' అనుకునేలా అనుమతి లేకుండా ఆ గుర్తు వాడితే రెండేళ్ల దాకా జైలు, రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు. వ్యాపారానికో వృత్తికో వాడుకుని అక్రమంగా లాభపడితే ఆరు నెలలకు తగ్గని జైలుశిక్ష. సింహాలను కాస్త అటూ ఇటూ మార్చి, 'సత్యమేవ జయతే' తీసేసి మరో మాట పెట్టినా తప్పించుకోలేరు. ఆ గుర్తును పోలిన నకలుకూ అదే చట్టం వర్తిస్తుంది. డిజైన్ కొద్దిగా మార్చేద్దాం అని మీ కస్టమరు బేరం పెడితే, ఆ మాటతోనే ఆయన ఉద్దేశం బయటపడినట్టు.

ఇక ఆ జిరాక్స్ సంగతి. మన రెండు రాష్ట్రాల్లోనూ సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. దాంతో సంఘానికి చట్టబద్ధమైన ఉనికి వస్తుంది, అంతవరకే. బండికి నంబరు ఇచ్చినంత మాత్రాన అది ప్రభుత్వ బండి అయిపోదు కదా! నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో వచ్చే ఐడీ చూపించి 'నీతి ఆయోగ్ గుర్తింపు' అని వేసుకునేవాళ్లూ ఉన్నారు. అదీ నమోదు నంబరే. రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం నిరభ్యంతరంగా వేయండి. 'ప్రభుత్వ గుర్తింపు' అన్న మాట మాత్రం వద్దు.

'అందరూ వేసుకుంటున్నారుగా' అని వాళ్లు వాదిస్తారు. వేసుకుంటున్న మాట నిజమే, దాంతో హక్కు రాదు. మాజీ మంత్రులు, మాజీ ఎంపీలు, మాజీ ఎమ్మెల్యేలు, మాజీ న్యాయమూర్తులు, రిటైరైన అధికారులు ఎవరూ ఈ చిహ్నం వాడకూడదని 2007 నిబంధనలు పేరుపేరునా చెబుతున్నాయి. పదవి దిగినరోజే పాత లెటర్‌హెడ్ పక్కన పెట్టేయాలి. ఆ నిబంధనల్లో అధికారం దక్కని బ్యాంకులు, విశ్వవిద్యాలయాలు, మున్సిపల్ కౌన్సిళ్లు, పంచాయతీరాజ్ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలకూ అదే మాట. మీ ప్రెస్‌కు ఎక్కువగా పనికొచ్చే నియమం మరొకటుంది: చిహ్నం వాడే అధికారం నిజంగా ఉన్నవాళ్లయినా, సింహాలున్న విజిటింగ్ కార్డు మీద పేరు పక్కన అడ్వకేట్, ఎడిటర్, చార్టర్డ్ అకౌంటెంట్ లాంటివి వేయకూడదు. ప్రజాప్రతినిధి హోదా, ప్రాక్టీసు రెండూ ఒకే కార్డులో కొట్టమంటే ఈ నియమం చూపించండి.

తెలంగాణ అధికార చిహ్నంలో కాకతీయ తోరణం, చార్మినార్‌తో పాటు అశోక సింహాలూ ఉన్నాయి. పూర్ణకుంభం ఉన్న ఆంధ్రప్రదేశ్ చిహ్నంలోనూ అంతే. కాబట్టి 'రాష్ట్ర గుర్తే కదా' అన్నా కుదరదు. సంఘం పేరు విషయంలోనూ జాగ్రత్త పడండి. ప్రభుత్వ ఆదరణ ఉందనో, ప్రభుత్వ సంస్థతో సంబంధం ఉందనో తోపించే పేర్లను వ్యాపారానికి, వృత్తికి వాడటాన్ని 1950 నాటి చిహ్నాలు, పేర్ల చట్టం నిషేధిస్తోంది. ఆ చట్టం పెట్టిన జరిమానా రూ.500. అది 1950లో బరువైన మొత్తమే కావచ్చు, ఇప్పుడు ఒక స్టిక్కర్ల కట్ట ఖరీదు!

మరి మీ బాధ్యత ఎంత? గుర్తు దేనికి వాడబోతున్నారో తెలిసీ అచ్చువేసి ఇస్తే, నేరానికి సాయపడ్డారన్న ఆరోపణ మీ మీదికి వస్తుంది. ఆ కార్డు చూపించి ఎవరినైనా బెదిరించి డబ్బు గుంజారనుకోండి, అది బెదిరింపు వసూళ్ల కేసు అవుతుంది. అధికారిగా నటిస్తే భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు. కార్డు ఎక్కడ కొట్టించావన్న ప్రశ్న పోలీసులు అడగక మానరు.

అలాగని సింహాల బొమ్మే ముట్టుకోకూడదని కాదు. పాఠ్యపుస్తకంలోనో, చరిత్ర పుస్తకంలోనో ఆ చిహ్నం పుట్టుక గురించి చెప్పే అధ్యాయంలో వేయవచ్చు. అట్ట మీద వేసి ప్రభుత్వ ప్రచురణలా కనిపించేలా చేయకూడదు, అంతే.

ఐఎస్‌ఐ మార్కు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లోగోల సంగతి వేరు. లైసెన్సు ఉన్న తయారీదారు వాటిని వాడొచ్చు. పచ్చళ్ల లేబుల్ కొట్టమని ఎవరైనా వస్తే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు అడగండి. ఐఎస్‌ఐ మార్కు కింద ఉండే లైసెన్సు నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. లైసెన్సు లేకుండా ఆ మార్కు వేస్తే మొదటిసారికే కనీస జరిమానా రూ.2 లక్షలు. జాతీయ చిహ్నానికి రూ.5,000, నీళ్ల బాటిల్ మీది మార్కుకు రూ.2 లక్షలా అని మీరు అడగొచ్చు. నాకూ వింతగానే ఉంటుంది.

చిహ్నం చట్టంలో ఇంకో లోపం ఉంది. కేంద్ర ప్రభుత్వం గానీ, అది అధికారమిచ్చిన అధికారి గానీ ముందుగా అనుమతిస్తేనే ప్రాసిక్యూషన్ సాగుతుంది. అందుకే సింహాల కార్డు చూపించి డబ్బు తీసుకున్నారని ఫిర్యాదు చేసేవాళ్లు చిహ్నం ఒక్కదాన్నే పట్టుకోకుండా మోసం జరిగిన తీరు, ఇచ్చిన మొత్తం, తేదీ రాయాలి. సీబీఐ, ఆర్‌బీఐ ముద్రలతో వాట్సాప్‌లో వచ్చే 'డిజిటల్ అరెస్టు' నోటీసులకు డబ్బు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. అలాంటి అరెస్టు మన చట్టంలో లేనే లేదు.

మీరు ఇప్పుడు చేయాల్సింది: చిహ్నం వాడుకోవడానికి ప్రభుత్వం ఇచ్చిన రాతపూర్వక అనుమతి తెమ్మని వాళ్లను అడగండి. తేకపోతే సంఘం సొంత లోగోతో కొట్టిస్తానని చెప్పండి. ఒప్పుకోకపోతే అడ్వాన్సు తిరిగి ఇచ్చేసి రసీదు తీసుకోండి. నమూనా కార్డులు ఇప్పటికే కొట్టి ఉంటే వాళ్ల చేతికి ఇవ్వకుండా చింపేయండి, కంప్యూటర్‌లోని ఫైలు కూడా తీసేయండి.