యోగా క్లాసుకు ముందు రోస్టర్

చిరంజీవి మేనకోడలికి,

మాదాపూర్‌లో నీ కంపెనీ నలభై మందికి చేరిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఉద్యోగుల ఒత్తిడి తగ్గించాలని ఆదివారాలు యోగా క్లాసు పెట్టిస్తున్నావట. నీ మనసు మంచిది. అయితే ముందు నీ షిఫ్టుల రోస్టర్ ఒక్కసారి ముందేసుకుని చూడు తల్లీ.

రాత్రంతా అమెరికా కాల్స్ చూసి తెల్లవారుజామున మూడింటికి ఇంటికెళ్లిన పిల్లాణ్ణి పొద్దున తొమ్మిదిన్నర మీటింగ్‌కి రమ్మంటే, ఏ ప్రాణాయామం వాడికి నిద్ర ఇస్తుంది? పైగా ఆ ఆదివారం క్లాసు కూడా వాడి సెలవులోంచే పోతుంది.

ఫ్యాక్టరీలో మిషన్ చెయ్యి కోస్తుంటే ముందు దానికి గార్డు బిగిస్తాం, ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఆ తర్వాత. మనసు విషయంలోనూ అదే వరుస. 2021లో వచ్చిన ఐఎస్ఓ 45003 ప్రమాణం పనిభారాన్ని, పని గంటలను, ఎవరి బాధ్యత ఏమిటో తెలియకపోవడాన్ని, పైవాళ్ల ప్రవర్తనను యజమాని వెతికి పట్టుకుని తగ్గించాల్సిన ప్రమాదాలుగానే చూస్తుంది. వారానికి 35-40 గంటలు పనిచేసేవాళ్ల కంటే 55 గంటలు, అంతకంటే ఎక్కువ పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని అదే ఏడాది డబ్ల్యూహెచ్‌ఓ, ఐఎల్‌ఓ కలిసి లెక్క తేల్చాయి.

అన్నిటికంటే కష్టమైనది టీమ్ లీడ్ సంగతి. నేను పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్లూ రాజీనామా కాగితాలు నా చేతి మీదుగానే వెళ్లేవి. అన్నిటిలోనూ 'సొంత కారణాలు' అనే ఉండేది. అదే మనిషి టీ కొట్టు దగ్గర కలిస్తే సూపర్‌వైజర్ పేరు చెప్పేవాడు. టార్గెట్లు బాగా తెస్తాడని, నలుగురిలో కిందివాళ్లను తిట్టేవాణ్ణి వెనకేసుకు రాకు. పిలిచి చెప్పు, నేర్పించు. మారకపోతే మనుషుల మీద అధికారం తీసెయ్. ఉద్యోగులు వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయేలా వేధించే విధానం నడిపారని ఫ్రాన్స్ టెలికామ్ మాజీ అధిపతులను 2019లో పారిస్ కోర్టు దోషులుగా తేల్చింది. నీది చిన్న కంపెనీయే, కానీ నీ ఆఫీసులో మాట పడ్డవాడి బాధ చిన్నది కాదు.

చట్టం సంగతీ మరవకు. పదిమంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ తప్పనిసరి, 2013 నుంచీ ఉన్న చట్టం. ఎవరైనా వచ్చి తన మానసిక జబ్బు గురించి చెబితే అది నీ దగ్గరే ఉండాలి, అప్రైజల్ ఫైలులోకి ఎక్కకూడదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416 నోటీసు బోర్డు మీద పెట్టించు. అది ఉచితం, రాత్రీపగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు.

యోగా మానమనడం లేదు. వచ్చే నెల రోస్టర్ మీద సంతకం పెట్టేలోపు, ప్రతి మనిషికీ రెండు షిఫ్టుల మధ్య పన్నెండు గంటల విరామం ఉందో లేదో నువ్వే స్వయంగా చూడు. ఆ పని మేనేజర్‌కి వదలకు.

ఇట్లు,
మీ మావయ్య