‘బి’ అంటే ఏంది మామా?

మొన్న సెలవుల్లో మిర్యాలగూడ వెళ్తే మామయ్య నన్ను వాళ్ళ రైస్ మిల్లుకు తీసుకెళ్ళాడు. చూపించడానికి కాదులెండి, పని చేయించుకోవడానికి.

"అల్లుడా, కంప్యూటర్ సదువుతున్నవ్ గద. మూడేండ్ల కింద వడ్లు నానబెట్టే ట్యాంకులు మార్చినప్పుడు ట్రయల్స్ చేసినం. ఆ లెక్కలు ఏడున్నయో తీసియ్యి."

ఉప్పుడు బియ్యానికి వడ్లను వేడి నీళ్ళలో నానబెట్టి, ఆవిరి పట్టి, ఆరబెట్టి, ఆ తర్వాత మర ఆడిస్తారు. నీళ్ళ వేడి, నానిన టైము సరిగ్గా కుదరకపోతే గింజ విరిగి నూక పెరుగుతుంది. ప్రభుత్వం ఇచ్చే వడ్లకు క్వింటాలుకు 68 కిలోల ఉప్పుడు బియ్యం తిరిగివ్వాలి (పచ్చి బియ్యమైతే 67). అందులో నూకకు కూడా హద్దుంది, దాటితే నష్టం మిల్లుదే. మామయ్య ఇప్పుడు ఇంకో రెండు ట్యాంకులు పెట్టిస్తున్నాడు. పాత లెక్కలు దొరక్కపోతే మళ్ళీ ట్రయల్స్ చేయాలి, అంటే మళ్ళీ కొన్ని వడ్లు పాడుచేసుకోవాలి.

పాత కంప్యూటర్లో ఫైల్ దొరికింది. నిజానికి మూడు దొరికాయి: ‘ఫైనల్’, ‘ఫైనల్ న్యూ’, ‘ఫైనల్ లేటెస్ట్ 2’. మనందరి మినీ ప్రాజెక్ట్ ఫోల్డర్ గుర్తొచ్చిందా? తెరిస్తే నాలుగు కాలమ్స్, పైన హెడింగ్ లేదు. మొదటి వరుస: బి1, 62, 8, 4.5.

62 అంటే నీళ్ళ వేడి అనుకోవచ్చు. మరి 8? నానిన గంటలా, ఆరబెట్టిన గంటలా? 4.5 నూక శాతమా, నానిన గంటలా? ‘బి’ అంటే బాయిలరా, బ్యాచా, బీపీటీ వడ్లా? అడిగితే మామయ్య నవ్వి, "రాసినోడు వేరే మిల్లుకు పోయిండు" అన్నాడు.

ఒక్క అంకె కూడా పోలేదు. అర్థమే పోయింది. మెటాడేటా అంటే ‘డేటా గురించిన డేటా’ అని పరీక్షలో రెండు మార్కులకు రాసి వచ్చేశాను. అది లేకపోతే ఏమవుతుందో ఆ రోజే అర్థమైంది. నడుస్తున్న పనికి కావలసింది స్టోరేజ్. చెడిపోతే తిరిగి తెచ్చుకోవడానికి బ్యాకప్. పని అయిపోయాక, దాని గురించి ఏమీ తెలియని మనిషి కూడా వాడుకునేలా దాచడం ఆర్కైవ్. మన కంపెనీల్లో చాలావరకు మొదటి రెండింటికి డబ్బు పెడతారు. మూడోదానికి డబ్బు కన్నా ఓపిక కావాలి, అందుకే ఎవరూ చేయరని నా అనుమానం.

ఆ సాయంత్రం సాగర్ ఎడమ కాలువ గట్టు మీద కూర్చున్నప్పుడు ఇంకో ప్రాజెక్ట్ గుర్తొచ్చింది. ఈ నీళ్ళు మన పొలాలకు రావడానికి ఇక్ష్వాకుల విజయపురి ఉన్న లోయ మునిగిపోయింది. సాగర్ డ్యామ్‌కు 1955లో శంకుస్థాపన జరిగింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ ఆ లోయను తవ్వింది. కొన్ని కట్టడాలను కొండ మీద, అనుపు దగ్గర తిరిగి కట్టారు. మిగతావాటికి రాసుకున్న నోట్సు, గీసుకున్న ప్లాన్లు, ఫొటోలే దిక్కు. ఆ తవ్వకాల రిపోర్ట్ మొదటి భాగం 1975లో వచ్చింది. చారిత్రక కాలం మీద రెండో భాగం ఎప్పుడొచ్చిందో తెలుసా? 2006లో! తవ్వకం ఆగిన 46 ఏళ్ళకు. అంత ఆలస్యం బాగోలేదు, నిజమే. కానీ లోయ నీళ్ళ కింద ఉన్నా పుస్తకం రాయగలిగారంటే, ఏ వస్తువు ఎక్కడ, ఏ లోతులో దొరికిందో అప్పుడే రాసిపెట్టుకోబట్టే. రాళ్ళ ఫొటోలు మాత్రమే ఉండి ఉంటే మన ‘బి1, 62’ లాగే అయ్యేది.

బ్యాకప్ ఉందిగా అని ధైర్యపడేవాళ్ళ కోసం గిట్‌ల్యాబ్ కథ. 2017 జనవరి 31న అక్కడి ఇంజినీర్ ఒకరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. బ్యాకప్ పద్ధతులు చాలానే ఉన్నాయి, అవసరానికి ఒక్కటీ సరిగ్గా పనిచేయలేదు. రోజువారీ బ్యాకప్ వెర్షన్ తేడా వల్ల ఎప్పటినుంచో ఫెయిలవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిల్స్ కూడా ఎవరికీ చేరట్లేదు. అంతకు ఆరు గంటల ముందు ఎవరో వేరే పనికి తీసుకున్న కాపీ కాపాడింది. ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. తిరిగి తెచ్చి చూడని బ్యాకప్‌ను నేనైతే లెక్కలో వేసుకోను.

మిల్లు సంగతికొస్తే, పాత ఆపరేటర్‌కు ఫోన్ చేశాం. ‘బి’ అంటే బ్యాచ్, 8 నానిన గంటలు, 4.5 నూక శాతం అని ఠక్కున చెప్పాడు. "ఏ రకం వడ్లు అన్నా?" అంటే ఆగిపోయాడు. "బీపీటీనే... కాదు, నడుమ రెండ్రోజులు వెయ్యిన్ని పది గూడ నడిచింది." ఏ రెండ్రోజులో గుర్తులేదు. రకం మారితే నూక మారుతుంది కాబట్టి ఆ షీట్ మొత్తాన్ని పక్కన పెట్టాల్సి వచ్చింది. మామయ్య ఏమీ అనలేదు, మళ్ళీ ట్రయల్స్‌కు వడ్లు తీయమని గుమస్తాకు చెప్పాడు.

ఈసారి షీట్ నేనే చేశాను. ప్రతి కాలమ్‌కు పూర్తి పేరు, కొలమానం. వడ్ల రకం, వచ్చినప్పటి తేమ, రాసినవాళ్ళ పేరు. చెడిపోయిన బ్యాచులు కూడా, ఎందుకు చెడిపోయాయో ఒక వాక్యంతో. ఏ సాఫ్ట్‌వేర్ అయినా తెరవగలిగే సీఎస్‌వీలో దాచి, ఒక కాపీ మిల్లులో కాకుండా ఇంట్లో పెట్టించాను. ఆఖరికి టెస్టింగ్ అని చెప్పి, ట్రయల్స్‌లో లేని గుమస్తా చేతికిచ్చి చదవమన్నాను.

ఆయన కళ్ళజోడు సర్దుకుని రెండో వరుస దగ్గర ఆగాడు. "అంతా బానే ఉంది గానీ బాబూ, ఈ ‘ఆర్-2’ అంటే ఏంది?"

రౌండ్ రెండు. రాసింది నేనే.